కుటుంబ నియంత్రణ: పదార్థము, వ్యవహారము

కుటుంబ నియంత్రణ యనగా దంపతులు తమకెందరు బిడ్డలు కావలెనో, తొలిచూలు ఎప్పుడు కలుగవలెనో, ఒక కాన్పునకును మరియొక కాన్పునకును నడుమ ఎంత యెడముండవలెనో తమలో తాము నిర్ణయించుకొని, ఆ నిర్ణయమునకు తగిన ఉపాయమును ఎన్నుకొని ఆచరించుట. గర్భము రాకుండ కొంతకాలము ఆపు సాధనములును, ఇక సంతానము వలదనుకొన్నవారికి శాశ్వతముగ ఆపు శస్త్రచికిత్సలును ఈ పదము క్రిందికి వచ్చును. సంతానము లేనివారికి చేయు వైద్యసహాయమును గూడ శాస్త్రజ్ఞులు ఇందులోనే చేర్చుదురు. గర్భస్రావము మాత్రము వేరు విషయము. దానికి 1971లో చేయబడిన వేరొక చట్టము కలదు. శాస్త్రార్థమింత విశాలమైనను, తెలుగునాట జనుల నోట ఈ పదము ఒక్క అర్థమునందే నిలిచిపోయినది: రెండవ కాన్పు కాగానే తల్లికి చేయు ఆపరేషన్. ఈ సంకోచము వెనుక డెబ్బదియేండ్ల ప్రభుత్వ విధానమును, గృహములలోని బలాబలములును ఉన్నవి. కావున పదమునకు అర్థము చెప్పుటతో ఆగక, అది ఇట్లు కుదించుకొనిపోయిన తెరగును గూడ ఇచ్చట వివరింపవలసియున్నది.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వచ్చిన పెండ్లియైన యువతిని నర్సమ్మ మొట్టమొదట అడుగు ప్రశ్నలు రెండు: “పిల్లలెంతమందమ్మా?”, “ఆపరేషన్ అయిందా?” ఏ ఆపరేషనో చెప్పనక్కరలేదు, అడిగినవారికిని విన్నవారికిని సందేహముండదు. “అయిందండీ, రెండో కాన్పులోనే చేయించేశారు” అని తరచుగ వినవచ్చు సమాధానమును కొంచెము నిదానించి చూడవలెను. “చేయించుకున్నాను” అనువారు లేకపోలేదు గాని, “చేయించేశారు” అను క్రియకు కర్త అత్తగారో, భర్తయో, కన్నతల్లియో అయి, శరీరము ఎవరిదో ఆమె ఆ వాక్యమున కర్తగ నిలువకపోవుట మన యిండ్లలో నిర్ణయములు జరుగు తీరును చక్కగ తెలుపుచున్నది. కడుపు కోసి బిడ్డను తీసినచో దానిని పలుచోట్ల పెద్దాపరేషన్ అందురు. గర్భాశయమును తొలగించినచో గర్భసంచి తీసివేసినారందురు. ఏ విశేషణమును లేని వట్టి ఆపరేషన్ మాత్రము సంతాననిరోధ చికిత్సయే. పురుషునికి చేయునప్పుడు “మగవాళ్ల ఆపరేషన్” అని విశేషణము చేర్చి చెప్పవలసివచ్చును. లేదా వేసెక్టమీ యను వైద్యుల మాటనే వాడుదురు. వార్తాపత్రికలు శీర్షికలలో స్థలము కలిసివచ్చుటకై “కు.ని.” అను రెండక్షరములు పుట్టించినవి. “కు.ని. శిబిరం”, “కు.ని. ఆపరేషన్లు” అని అచ్చైన మాటలు క్రమముగ ఆసుపత్రి గోడలమీదికిని, ఉద్యోగుల చీటీలమీదికిని ఎక్కినవి, చివరకు ఆ రెండక్షరముల విడి అర్థము తలపునకు రాకుండగనే జనులు వానిని పలుకుచున్నారు.

పాశ్చాత్యదేశములలో దీనికి సమానమైన “బర్త్ కంట్రోల్” అను పేరు 1914లో న్యూయార్కున మార్గరెట్ శాంగర్ నడిపిన “ది వుమన్ రెబెల్” పత్రికద్వారా వ్యాప్తిలోనికి వచ్చెను. ఏటేట గర్భము ధరించి చిక్కి శల్యమైపోవు కార్మిక స్త్రీలకు ఉపచారము చేసిన నర్సు ఆమె. గర్భధారణముపై స్త్రీకే అధికారముండవలెనని ఆమె వాదము. మనదేశమున బొంబాయి నగరమందు గణితశాస్త్రాధ్యాపకుడైన రఘునాథ ధోండో కర్వే 1921లో సంతాననిరోధ సలహాకేంద్రమును తెరచి, ఆ అభిప్రాయములకుగాను కళాశాలలోని ఉద్యోగమును పోగొట్టుకొని, 1927 మొదలు “సమాజ స్వాస్థ్య” అను మరాఠీ పత్రికను జీవితాంతము నడిపెను. 1930లో మైసూరు సంస్థాన ప్రభుత్వము తన ఆసుపత్రులలో ఇట్టి కేంద్రములు పెట్టుటకు ఉత్తరువు లిచ్చెను. ప్రభుత్వమే పూనుకొని ఈ పని చేయుట ప్రపంచమున అదియే మొదలని చెప్పుదురు. 1935 డిసెంబరులో శాంగర్ వార్ధాకు వచ్చి గాంధీమహాత్మునితో సుదీర్ఘముగ చర్చించెను. సంతానము మితముగ నుండవలెననుటలో ఇరువురకును భేదములేదు. కృత్రిమసాధనములు భోగలాలసతను పెంచునని, ఇంద్రియనిగ్రహమే మార్గమని గాంధీజీ పట్టుపట్టగా, స్త్రీ తన భర్తయొక్క నిగ్రహముపై ఆధారపడి బ్రతుకజాలదని శాంగర్ వాదించెను. ఆ చర్చలో ఆమె పట్టిన అంశము, అనగా స్త్రీ స్వాధీనములోనుండు ఉపాయము కావలెననునది, తరువాతి చరిత్రయంతటను మరల మరల ఎదురగుచునే యున్నది.

1949లో బొంబాయిలో శ్రీమతి ధన్వంతి రామారావు మొదలగువారు భారత కుటుంబ నియంత్రణ సంఘమును స్థాపించిరి. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఈ పనికి 65 లక్షల రూపాయలు కేటాయింపబడగా, 1952లో భారతదేశము కుటుంబ నియంత్రణమును జాతీయ కార్యక్రమముగ స్వీకరించిన తొలిదేశ మయ్యెను. నాటి ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌర్ గాంధేయురాలు. ఆమె అభిమతము ననుసరించి ప్రపంచ ఆరోగ్యసంస్థ పంపిన వైద్యుడు అబ్రహాం స్టోన్ ఋతుచక్రములోని గర్భధారణ దినములను విడిచి కలియు పద్ధతిని మైసూరు రాష్ట్రములోని రామనగరమునందును, ఢిల్లీలోని లోడీ కాలనీయందును పరీక్షించెను. అక్షరములు రాని స్త్రీలు దినములు లెక్కించుకొనుటకై రంగురంగుల పూసలు గ్రుచ్చిన దండలు పంచిరి. దినమునకొక పూస చొప్పున జరుపుకొనుచు, పూస రంగును బట్టి ఆ దినము భయము కలదో లేదో తెలిసికొనవలెను. ఆ పద్ధతి నిలువలేదు. ఇరుకు ఇంటిలో, పదిమంది నడుమ, పగలెల్ల పొలమున శ్రమించి వచ్చిన స్త్రీ పూసల లెక్క తప్పకుండుట యెంత కష్టమో, లెక్క తప్పకున్నను భర్త ఆ లెక్కను మన్నించుట యెంత సందేహమో, ఆ ప్రణాళిక వేసినవారు ముందుగ ఆలోచింపలేదని నాకు తోచును.

“ఫామిలీ ప్లానింగ్” అను పేరునకు హిందీలో “నియోజన్” అనగా, తెలుగు వ్యవహారమున “నియంత్రణ” యే పాతుకొన్నది. నియోజనమనగా ముందుచూపుతో అమర్చుకొనుట; నియంత్రణమనగా అదుపు. తెలుగు మాటలో అదుపు స్ఫురించుచుండుటచే, అదుపు చేయువారు వేరొకరు, అదుపులో నుండువారు వేరొకరు అను భావమునకు తావు కలిగినది. ఈ ఒక్క మాటయే తరువాతి చరిత్రకు కారణమని నేననను. అయినను ఆ చరిత్రకు ఈ పేరు మిక్కిలి చక్కగ సరిపోయినది.

1960వ దశకమున కార్యక్రమము వీథిలోనికి వచ్చెను. 1965లో లిప్పీస్ లూపు ప్రవేశపెట్టబడెను. అమెరికా వైద్యుడు జాక్ లిప్పీస్ కనిపెట్టిన ఈ ప్లాస్టిక్ మెలిక గర్భాశయములో నిలిచి గర్భము రాకుండ చేయును. వేసిన తరువాత రక్తస్రావము కలిగినవారికి మరల చూచి ధైర్యము చెప్పువారు లేకపోవుటచే లూపునకు అపఖ్యాతి వచ్చెను. నేడు దానికి బదులు రాగితీగ చుట్టిన కాపర్ టీ వేయుచున్నను, దానిని గూడ లూపనియే పిలుచువారు కలరు, ఆ పాత భయమును ఆ పేరుతోపాటు సంక్రమించియే యున్నది. 1968లో పురుషులు వాడు రబ్బరు తొడుగును ప్రభుత్వము “నిరోధ్” అను పేర, మూడింటిని 15 పైసలకు అమ్మించెను. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు పల్లెలకు చేరవేయు పెద్ద కంపెనీల ద్వారానే దీనిని కిరాణాకొట్లకు పంపిరి. తిరువనంతపురమునందు ఇందుకొరకే నెలకొల్పిన హిందుస్థాన్ లేటెక్స్ కర్మాగారము 1969లో ఉత్పత్తి ప్రారంభించెను. ఒక సరకు పేరు తెలుగులో ఆ జాతి వస్తువులన్నింటికిని పేరైపోవుటకు నిరోధ్ మంచి ఉదాహరణము. ఏ కంపెనీదైనను కొంతకాలము అది నిరోధే. ఎఱ్ఱ త్రికోణమును, తల్లి తండ్రి ఇద్దరు బిడ్డల ముఖములును చిత్రించిన ప్రకటనలు బస్సులమీదను పంచాయతీ గోడలమీదను వెలసినవి. “చిన్న కుటుంబం చింతలేని కుటుంబం”, “ఇద్దరు ముద్దు, ఆపై వద్దు” అను నినాదములు అంత్యప్రాస బలమున పసిపిల్లల నోటికిని వచ్చినవి.

ఆ కాలమున శస్త్రచికిత్సలలో అధికభాగము పురుషులకే జరిగెడివి. కేరళలోని ఎర్నాకుళమున 1971 జూలైలో జరిగిన మహాశిబిరమున ఒక్క నెలలో 63 వేలకు పైగా వేసెక్టమీలు జరిగినవి. మగవాడు తొడుగు గాని ఆపరేషన్ గాని ఒప్పుకొనడని నేడు స్వతస్సిద్ధముగ చెప్పుమాట ఆనాటి లెక్కల ముందు నిలువదు. ఆ పరిస్థితిని తారుమారు చేసినది అత్యవసర పరిస్థితి. 1976–77 సంవత్సరమున దేశమున 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరుగగా, అందు నాల్గింట మూడు పాళ్లు పురుషులవి. ఉపాధ్యాయుల జీతములు మొదలు రైతుల రుణముల వరకు లక్ష్యసంఖ్యలతో ముడివెట్టబడినవి. ఉత్తరభారతమున పోలీసుల సాయముతో మనుష్యులను పట్టి తెచ్చిన ఉదంతములు అత్యవసర పరిస్థితి నాటి అక్రమములను విచారించిన షా కమిషన్ ముందు బయటపడినవి. 1977 ఎన్నికలలో ప్రభుత్వము పడిపోగా, తరువాత వచ్చినవారు శాఖ పేరునే మార్చి “కుటుంబ సంక్షేమము” అనిరి. బోర్డులు మారినవి, జనులు మాత్రము నేటికిని నియంత్రణ యనియే అందురు. పేరుకన్న గొప్ప మార్పు వేరొకటి జరిగినది. మగవాని జోలికి పోయినచో ఓట్లు పోవునని నాయకులును అధికారులును గ్రహించిరి. నాటినుండి ఆపరేషన్ బల్లమీదికి స్త్రీయే చేరెను. ఇది ఏ శాసనమునను వ్రాయబడలేదు, ఎవరును ప్రకటింపలేదు. అయినను అర్ధశతాబ్దముగ అమలు జరుగుచున్నది.

ఈ రెండు చికిత్సలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన వాని తారతమ్యము విశదమగును. స్త్రీకి చేయు ట్యూబెక్టమీ సాధారణముగ కాన్పైన ఏడు దినముల లోపల చేయుదురు. అప్పటికి గర్భాశయము ఇంకను పూర్తిగ ముడుచుకొనక పైననే యుండుటచే, బొడ్డు క్రింద చిన్నకోత పెట్టినంతనే అండవాహికలు చేతి కందును. ఒక్కొక్క వాహికను పట్టి మెలికగ పైకెత్తి, మొదట కరగిపోవు దారముతో ముడివేసి, మెలికపైభాగమును కత్తిరింతురు. దారము కరగిన పిమ్మట తెగిన కొనలు దూరముగ జరిగి మూసికొనిపోవును. లాపరోస్కోపు సాయముతో వాహికకు సన్నని సిలికాన్ ఉంగరము తొడుగు పద్ధతియు కలదు. ఆసుపత్రులలో “డీపీఎల్” అనునది దానిలో ఒక విధము. ఏ పద్ధతియైనను ఉదరకుహరమును తెరచియే చేయవలెను గనుక మత్తు, శుభ్రత, అనంతర పర్యవేక్షణ తప్పనిసరి. పురుషునికి చేయు కోతలేని వేసెక్టమీ 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించినది. వృషణకోశపు చర్మమునకు మాత్రము మత్తుసూది వేసి, సన్నని రంధ్రముగుండ వీర్యవాహికను బయటికి తీసి కట్టివేయుదురు. కుట్లు లేవు, ఉదరముతో పని లేదు, ఆ పూటనే నడచి ఇంటికి పోవచ్చును. ఒక్క జాగ్రత్త మాత్రము అవసరము: వాహికలో నిలువయున్న వీర్యకణములు పోవుటకు సుమారు మూడు నెలలు పట్టును; అంతదనుక వేరొక సాధనమును వాడి, తరువాత వీర్యపరీక్ష చేయించుకొనవలెను. పురుషునికిని స్త్రీకిని హార్మోనుల స్రావమందు మార్పుండదు. ఆమె నెలసరి నెలసరిగనే వచ్చును, అతని పుంస్త్వమునకును కండబలమునకును ఏ లోపమును రాదు. “బరువులెత్తలేడు, పొలం పని చేయలేడు” అను మాటకు శరీరశాస్త్రమున ఆధారము లేదు. ఆ మాటను నమ్మి పసిబిడ్డ తల్లిని, ఇంకను కాన్పు నొప్పులు తీరని దానిని, కడుపుకోతకు పంపుట అన్యాయమనక తప్పదు.

ఫలితము లెక్కలలో స్పష్టము. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల నడుమ వయస్సుగల వివాహిత స్త్రీలలో ఆపరేషన్ అయినవారు దేశమున నూటికి సుమారు 38 మంది కాగా, తెలంగాణలో 60కి పైగాను, ఆంధ్రప్రదేశమున సుమారు 70 మందియు కలరు. దేశమంతటను భర్తకు వేసెక్టమీ అయినది నూటికి 0.3 మాత్రమే. ఆంధ్రప్రదేశమున తాత్కాలిక సాధనములు వాడువారందరిని కలిపినను నూటికి ఇద్దరు కారు. అనగా ఇచ్చట కుటుంబ నియంత్రణమని పేరుపెట్టి పిలుచునది దాదాపుగ ఒకే ఒక చికిత్స. జనుల నోట పదము కుదించుకొనిపోయినదని మొదట చెప్పితిమి గాని, నిజమునకు జనులు ఉన్నదానిని ఉన్నట్లే చెప్పుచున్నారు. తెలుగునాట సంతానసంఖ్య తగ్గిన వేగము జనాభా శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచినది: స్త్రీలలో అక్షరాస్యత కొరవడి, బాల్యవివాహములు తగ్గకయున్నను, 1992–93లో సగటున ఒక స్త్రీకి 2.6గ ఉండిన సంతానము 2019–21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణలో 1.8. దీనికి కారణమైన జీవితక్రమము మన యెదుటనే యున్నది. పదునెనిమిదేండ్లు దాటీదాటకముందే పెండ్లి, ఏడాది తిరుగకముందే తొలికాన్పు, ఎడములేకయే రెండవది, ఇరువదియైదేండ్లు నిండకముందే ఆపరేషన్. ఇందు ఎచ్చటను “ఎప్పుడు” అను ప్రశ్నకు తావు లేదు. “ఎందరు” అను ప్రశ్నకు మాత్రమే సమాధానము దొరకినది. కాన్పుల నడుమ ఎడముండనందున తల్లి రక్తహీనతతోను, బిడ్డ తక్కువ బరువుతోను బాధపడుదురు. ఎడము పాటించుటకు ఉపకరించు సాధనములే మన యిండ్లకు చేరలేదు.

లక్ష్యములు నిర్ణయించి శిబిరములు పెట్టి ఒక్క పూటలో పదులకొలది చికిత్సలు చేయు పద్ధతి కొందరి ప్రాణములను బలిగొన్నది. జనాభా విషయమై 1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ మహాసభ తరువాత, 1996లో కేంద్రప్రభుత్వము పైనుండి లక్ష్యసంఖ్యలు విధించుట మానివేసినట్లు ప్రకటించెను. క్రిందిస్థాయిలో ఆ అలవాటు అంత త్వరగ పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరములలో పదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. ఇట్టి శిబిరములపై ఆరోగ్యహక్కుల కార్యకర్త దేవికా బిశ్వాస్ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పుచెప్పుచు, శిబిర పద్ధతిని మూడేండ్లలో అంతమొందించి, ఆసుపత్రులలోనే నిత్యసేవగ ఈ చికిత్స జరుగవలెననెను. అయినను 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నమున ఒక్క దినమున 34 మందికి చికిత్సలు చేయగా నలుగురు స్త్రీలు మరణించిరి. ఆ నలుగురును రోగులు కారు. ఆరోగ్యముతో నడచివచ్చిన యువతులు, చిన్నబిడ్డల తల్లులు. జబ్బు లేని శరీరముపై చేయు శస్త్రచికిత్స యెంత జాగ్రత్తను కోరునో ఈ ఒక్క విషయమే తెలుపును.

చికిత్సకు ముందు స్త్రీకి తెలియవలసిన నియమములు కొన్ని కలవు. ప్రభుత్వ మార్గదర్శకముల ప్రకారము వయస్సు 22 మొదలు 49 లోపల నుండవలెను. ఏడాది దాటిన బిడ్డ ఒక్కరైనను ఉండవలెను. సమ్మతిపత్రము తనకు తెలిసిన భాషలో చదివి వినిపింపవలెను. సమ్మతి ఆమెదే, భర్త సంతకము అవసరము లేదు. అరుదుగనైనను ఆపరేషన్ విఫలమై గర్భము వచ్చు సందర్భములు కలవు. అట్టివారికి పరిహారమిచ్చు ఏర్పాటును ప్రభుత్వము చేసియున్నది. నాళములను మరల కలుపు రీకానలైజేషన్ చికిత్సయు కలదు గాని, అది పెద్ద శస్త్రచికిత్స, ఫలితము అనిశ్చితము. 2004 సునామీలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వము తన ఖర్చుతో దీనిని చేయించెను. మరల కలుపుట ఇట్లు అనిశ్చితము గనుకనే, సంతాననిరోధ చికిత్స శాశ్వతమని తలచియే సమ్మతింపవలెనని వైద్యులు హెచ్చరింతురు.

రాజ్యముయొక్క అభిప్రాయము ఇప్పుడు మరల మారుచున్నది. ఇద్దరికన్న ఎక్కువ బిడ్డలున్నవారు స్థానికసంస్థల ఎన్నికలలో నిలువరాదని 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము విధించిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దుచేసినది. వృద్ధుల సంఖ్య పెరుగుచున్నదని, పనిచేయు వయస్సువారు తగ్గుచున్నారని పాలకులు చెప్పుచున్నారు. వద్దని చెప్పినను, కావలెనని చెప్పినను చెప్పువారు వారే, కనువారు స్త్రీలే. ఇరువది యేండ్ల యువతికి ఈ మలుపువలన కలుగవలసిన మేలేమో చెప్పినవారు లేరు. ఆమెకు కావలసినవి ప్రాథమిక కేంద్రములలో కొన్ని సంవత్సరములుగ ఉచితముగ దొరకుచునే యున్నవి: మూడునెలలకొకసారి వేయు “అంతర” సూదిమందు, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనసంస్థ కనిపెట్టిన, హార్మోను లేని, మొదటి మూడు నెలలు వారమునకు రెండు మారులును తరువాత వారమునకొకమారును వేసికొను “ఛాయ” మాత్ర, పదేండ్ల వరకు పనిచేయుచు, వలదనుకొన్ననాడు తీయించుకొనదగిన కాపర్ టీ. తొలికాన్పునకును రెండవ కాన్పునకును నడుమ వాడవలసినవి ఇవియే. నర్సమ్మ అడుగు రెండు ప్రశ్నలలో వీనికి చోటు లేదు. అంతర, ఛాయ అను పేర్లు తెలుగు స్త్రీల సంభాషణలో లూపువలె, నిరోధ్‌వలె నిలువనేలేదు.